కాయల క్షేమార్థం

కార్మికుడి ముక్కుకు యజమానే ధర్మకర్త!

ఈ మహావాక్యం నాదే. ముప్పైనాలుగేళ్లు కళాశాలలో ఆంగ్లం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక, మొదట దీనిని ఇంగ్లీషులో ఆలోచించి, తరువాత తెలుగులో వ్రాసి, చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న లక్ష్మీకాంత్ గారి మిర్చి షెడ్డు గోడ మీద పెయింటు చేయించాను. అక్షరదోషం ఒక్కటీ లేదు.

ఆ షెడ్డులో ముప్పైతొమ్మిదిమంది స్త్రీలు ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తారు. నలభయ్యో స్త్రీ రెబ్కా, ఆ దుమ్ము ఊడుస్తుంది. సరుకు విదేశాలకు వెళుతుంది కనుక కార్మిక భద్రతా కమిటీ ఒకటి ఉండి తీరాలట. సభ్యులం ముగ్గురం: లక్ష్మీకాంత్ గారు, ఆయన బావమరిది, గౌరవాధ్యక్షుడనైన నేను. ప్రతి నెలా ఏసీ గదిలో సమావేశమై, మాస్కులు, చేతి తొడుగులు అత్యవసరమని ఏకగ్రీవంగా తీర్మానిస్తాము. తీర్మానం ఇంగ్లీషులో నేనే వ్రాస్తాను. పదకొండు నెలలు, పదకొండు తీర్మానాలు! ఒక్క కామా తప్పిపోలేదు. మాస్కులు బొత్తిగా రాలేదనడం కూడా అన్యాయం. మూడు వచ్చాయి. ఏసీ గదికి షెడ్డు మీదుగానే నడవాలి కదా, సభ్యులకు ఘాటు పడదు.

పన్నెండవ సమావేశానికి వెళుతుంటే సైదాబీ అడ్డుపడింది. పదేళ్లుగా తొడిమలు తీస్తున్న మనిషి, పది వేళ్లూ పగిలిపోయి ఉన్నాయి.

"ఏమండీ మాస్టారూ, మాస్కులు ఎప్పుడిస్తారు? మా సంగతి తర్వాత, ముందు రెబ్కాకి ఒకటి పడేయండి. దగ్గి దగ్గి అన్నం కూడా మింగలేకపోతోంది."

మూలన చీపురు పట్టుకున్న రెబ్కా ఏదో అనబోయి, దగ్గొచ్చి, మళ్లీ ఊడవసాగింది.

"తీర్మానం అయిందమ్మా," అన్నాను.

"అయితే ఆ తీర్మానమే ఇటివ్వండి, ముక్కుకి కట్టుకుంటాం!"

షెడ్డంతా పగలబడి నవ్వింది. కార్యాలయ పత్రాలను ఆ విధంగా వినియోగించరాదని వివరించి లోపలికి వెళ్లాను.

విషయం విని లక్ష్మీకాంత్ గారు విసుక్కున్నారు. "వాళ్లకి అలవాటైపోయిందండీ మాస్టారూ. దగ్గేవాళ్లని మానిపించేద్దాం. అప్పుడిక షెడ్డులో దగ్గే ఉండదు!"

ఇంత సులువైన చికిత్స వైద్యశాస్త్రంలో ఉన్నట్లు నేను వినలేదు. ఏకగ్రీవంగా తీర్మానించాము. బావమరిది తలుపు తీసి, "ఏయ్ రెబ్కా, రేపట్నించి నువ్వు రావద్దు!" అని కేకవేసి, చల్లదనం పోకుండా తలుపు మూశాడు.

అంతలో ఫోను మోగింది. వీడియో కాల్! సరుకు కొనే విదేశీ కంపెనీ మేడమ్ ఒక కార్మికురాలితో మాట్లాడతారట, అదీ ఇప్పుడే. మాస్కులు తగిలించుకుని షెడ్డులోకి పరుగెత్తాము. అనువాదం నా బాధ్యత. తెర మీద కనబడినవాళ్లలో మేడమ్ సైదాబీనే ఎంచుకున్నారు.

"సైదాబీ, ఏ ఇబ్బందీ లేదని చెప్పమ్మా," అన్నారు లక్ష్మీకాంత్ గారు, తేనె ఒలకబోస్తూ.

సైదాబీ ఫోనుకు దణ్ణం పెట్టింది. "ఇబ్బందేముందమ్మగారూ! మాస్కుల్లేవుగా, హాయిగా తుమ్ముతాం, హాయిగా దగ్గుతాం. తుంపర్లన్నీ కాయల మీదే పడతాయి, ఒక్కటి కూడా వృథా పోదు. చేతులు మండితే ఆముదం రాసుకుంటాం. అదీ కాయలకే అంటుద్ది. నిగనిగలాడతాయనుకోండి!"

లక్ష్మీకాంత్ గారు నన్ను కళ్లతోనే బతిమాలారు. కానీ మూలాన్ని మార్చే అనువాదం మహాపాపమని ముప్పైనాలుగేళ్లు బోధించినవాడిని! తుంపర్లతో సహా అనువదించాను. 'నిగనిగ'కు సరైన ఆంగ్లపదం దొరకక రెండు వాడాను.

ఫోనులో మేడమ్ ముఖం పాలిపోయింది. కాయను ముట్టుకునే ప్రతి మనిషికీ మాస్కు, తొడుగులు, టోపీ ఉండాలి, లేదా సరుకు వెనక్కి!

పదకొండు నెలలు రాని సామగ్రి గుంటూరు నుంచి గంటన్నరలో వచ్చింది! లక్ష్మీకాంత్ గారు తమ చేతులతోనే పంచారు. "మాస్కు జారనీకమ్మా, కాయ మీద ఊపిరి పడుద్ది," అని ఒక్కొక్కరినీ బుజ్జగించారు కూడా. ముప్పైతొమ్మిదీ పూర్తయ్యాయి. చీపురు చంకన పెట్టుకుని రెబ్కా ముందుకొచ్చింది.

"నీకెందుకు? నువ్వు ఊడ్చేది దుమ్ము. దుమ్ము ఎక్స్‌పోర్టుకి పోదుగా!"

ఈ తర్కంలో నాకు దోషం కనబడలేదు. సైదాబీకి కనబడినట్లుంది. లేచి, కుప్పలోంచి దోసెడు కాయలు తీసి రెబ్కా రెండు చేతుల్లో పోసింది.

"ఇప్పుడు దగ్గవే."

రెబ్కా దగ్గింది.

"కాయలు! కాయలు!" అంటూ లక్ష్మీకాంత్ గారు ఒక్క గంతువేసి, తన ముఖానున్న మాస్కు పీకి ఆమె ముఖానికి తగిలించారు. మరుక్షణం ఘాటు ఆయన గొంతులో దిగింది. దగ్గు, తుమ్ములు, కన్నీళ్లు!

"అయ్యగారూ, రేపు రావాలా, వద్దా?" అని అడిగింది రెబ్కా.

ఆయన నోరు తెరిచి ఏదో అన్నారు. దగ్గులో "వద్దు" ఒక్కటే నా చెవికి స్పష్టంగా వినబడింది.

"రమ్మంటున్నార్లే, పొద్దున్నే వచ్చెయ్," అని సైదాబీ అందరికీ వినబడేలా అనువదించింది.

ఎంత ఘోరమైన అనువాదం! సరిదిద్దడం నా విధి. కానీ ఇంత దగ్గులో నా మాట వినబడాలంటే మాస్కు దించాలి. దానిని రెండు చేతులా అదిమి పట్టుకుని, ఏసీ గదివైపు నడిచాను.