ముసలాడి వంతు

“ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, దొరకబోయేవాళ్లు!” అని ప్రకటించాడు డిటెక్టివ్ బావ.

“ముందు కళ్లజోడు దొరుకుతుందేమో చూడండి. నెత్తిమీదుంది,” అంది భార్య బట్టలు మడతపెడుతూ.

‘డిటెక్టివ్ బావ’ అన్న బిరుదిచ్చింది బావమరిది. అతను పక్కగదిలో తలుపేసుకుని, వంతులవారీగా కొట్టుకునే జపాన్ దెయ్యాల వీడియోగేమ్ ఆడుతున్నాడు. ఆట ముగించి, అందులో పోరాటం ఎలా ఉందో, భయం ఎలా పుట్టించారో సాయంత్రంలోగా రాసిస్తే పత్రికలో ఉద్యోగం ఖాయం. ఈ సంగతి ఇంట్లో తెలియనిది బావకొక్కడికే. ఆయన ఎవరినీ ఏదీ అడగడు, ఊహిస్తాడు.

తలుపుకి చెవి ఆనించాడు.

“పొద్దుట్నుంచీ పొడుస్తున్నా, ముసలాడు చావట్లేదురా!” బావమరిది ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. “విషం పెట్టినా లాభం లేదు. నా వంతు కానిచ్చా, ఇక వాడి వంతు.”

బావ గుండె గుభేలుమంది. ఇంట్లో ముసలాడంటే మామగారే. వంతులంటే ఆస్తి! వాటాలు తేల్చుకుని మరీ చంపుతున్నారు!

పరుగున వెళ్లి, కుర్చీలో కునుకు తీస్తున్న మామగారిని కుదిపాడు. “మామగారూ! ప్రాణం ఉందా?”

“ఉంది. నిద్రే పోయింది.”

“టీ తాగకండి! విషం!”

“తాగేశానే.”

“అయ్యో! ఎలా ఉంది?”

“చక్కెర తక్కువైంది.”

ఇక ఆలస్యం అమృతం విషం అనుకుని బావ గదిలోకి దూకాడు. కిటికీలకు దుప్పట్లు కట్టేసి ఉన్నాయి. తెరమీద పొగమంచు పట్టిన ఆసుపత్రి వరండా, ఎక్కడో చెప్పులీడుస్తున్న చప్పుడు, అంతే. ఆ ఈడ్చేదెవరో కనబడకపోయేసరికి ఆయనకు నిజంగానే భయమేసింది.

వెనకనుంచి భుజమ్మీద చెయ్యి పడింది.

“చక్కెర డబ్బా ఎక్కడుంది, అల్లుడుగారూ?”

బావ కెవ్వుమని ఎగిరి మంచమ్మీద, సరిగ్గా ఆట మీటల మీద కూలబడ్డాడు. తెరమీద మెరుపు మెరిసింది. పొగమంచులోంచి వచ్చిన ముసలి దెయ్యం మెలికలు తిరిగి మాయమైంది.

“చచ్చాడు!” బావమరిది ఎగిరి గంతేశాడు. “బావా, మీరు వాడికి వైద్యం మంత్రం వేశారు! వాడు దెయ్యం కదా, విషం వాడికి బలం, వైద్యమే చావు! నాకు తట్టనే లేదు!”

ఆనందంతో బావను వాటేసుకుని, వెంటనే వ్యాసం ఆఖరి వాక్యం టైపు కొట్టాడు: ‘ఈ ఆటలో కొట్టుకోవడానికి వంతులున్నాయి, భయపడ్డానికి లేవు.’ గడువులోనే వ్యాసం వెళ్లిపోయింది.

కేకలకి భార్య పరుగెత్తుకొచ్చింది. “ఎవరు చచ్చారు? ఎవరు చంపారు?”

“ముసలాడక్కా! బావే చంపేశారు, వైద్యం చేసి!”

బావ చొక్కా సర్దుకుని గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. “అంగీకరిస్తున్నాను. మామగారి ప్రాణం కోసమే చంపాను.”

మామగారు రెండడుగులు వెనక్కి వేశారు.

“నాకు జబ్బు చేస్తే మీరు మాత్రం దగ్గరికి రాకండి, అల్లుడుగారూ.”