ముందుగదిలో నాలుగో వంతు

మనిషి నిప్పు కనిపెట్టిన నాటి నుంచీ ఇంట్లోనే పని చేసుకుని బతుకుతున్నాడన్న చేదు నిజం ఇన్నేళ్లకు పట్టణ కార్యాలయం దృష్టికి వచ్చింది. ఈ అరాచకాన్ని ఇక ఒక్క రోజు కూడా సహించరాదని నిశ్చయించి, ఆ కార్యాలయం ఏడేళ్లు ఆలోచించి, గృహ వ్యాపార నిబంధనలు విడుదల చేసింది. మొత్తం నలభై మూడు. (నలభై నాలుగోది అచ్చులో ఎగిరిపోయింది. అది కూడా పాటించాలి.)

వీధి తలుపుకు నోటీసు అంటించి వెళ్లాక గానీ టైలరమ్మకు ఈ సంగతి తెలియలేదు. పదకొండేళ్లుగా ఆమె ముందుగదిలో మిషను పెట్టుకుని వీధి మొత్తానికి బట్టలు కుడుతోంది. ఇప్పుడు బడిపిల్లల యూనిఫారాలు నలభై జతలు కత్తిరించి గుట్టగా పెట్టుకుంది. బడి తెరవడానికి పన్నెండు రోజులుంది. ఈలోగా అనుమతి తెచ్చుకోకపోతే మిషనుకు సీలు వేస్తామనీ, కత్తిరించిన గుడ్డ కూడా మిషను కిందికే వస్తుందనీ నోటీసు ఎంతో మర్యాదగా చెప్పింది.

మర్నాడే కొలతలాయన వచ్చాడు. చేతిలో టేపు, చంకలో ఫైలు.

“వ్యాపారం ఇంట్లో నాలుగో వంతు ఉండాలమ్మా. ఎక్కువైతే దుకాణం. తక్కువైతే కాలక్షేపం. కాలక్షేపానికి వేరే ఫారం.”

“నాలుగో వంతే ఉంటుందండీ. ఒక్క మిషనేగా.”

“అది టేపు చెప్పాలి, మీరు చెప్పకూడదు. కాస్త సుద్ద ఇస్తారా? ఆఫీసులో స్టాకు లేదు.”

ఆమె సుద్దతోనే ఆమె ఇంటిని రెండుగా గీశాడు. గీత గోడ దగ్గర మొదలై, మిషను పక్కగా సాగి, అత్తగారి మంచం కిందుగా వెళ్లింది. పెద్దావిడ మోకాళ్ల దాకా ఇంట్లో ఉంది. అక్కణ్నుంచి వ్యాపారంలో ఉంది.

“ఈవిడ కాళ్లు పనిలో ఉన్నాయి,” అని కొలతలాయన రాసుకున్నాడు.

“నా కాళ్లు ఆరేళ్లుగా ఏ పనికీ రావట్లేదు నాయనా,” అంది అత్తగారు.

“రాకపోయినా హాజరులో ఉన్నాయిగా. మా ఆఫీసులోనూ అంతేనండీ.”

“మరి తల సంగతో?”

“తల ఇంట్లోనే ఉంది. దానితో మాకు పని లేదు.”

తరవాత ఆయన చూపు ఇస్త్రీపెట్టె వైరు మీద పడింది. అది వంటింటి ప్లగ్గు దాకా వెళ్లింది.

“వ్యాపారం వంటింట్లోకి పాకిందే!”

“పాకింది వైరు సార్,” అన్నాడు టైలరమ్మ భర్త. ఆయన పంపు మెకానిక్కు. మాటలు తక్కువ.

“వైరు ఊరికే పాకదు కదండీ. ఇల్లూ వ్యాపారమూ కలగాపులగం చేసి పెట్టారు. నాలుగు రోజుల్లో మళ్లీ వస్తా. ఒకదాని నీడ ఇంకోదాని మీద పడకూడదు.”

కొలతలాయన వెళ్లాక టైలరమ్మ తల పట్టుకుని కూర్చుంది. కాసేపటికి లేచి కొంగు దోపింది. ఆఫీసరు వస్తున్నాడంటే ఆ ఇంట్లో తెలిసింది ఒక్కటే, సర్దడం. నాలుగో రోజు పొద్దున్నే పొయ్యి, గిన్నెలు పక్కింటికి చేరాయి. పక్కబట్టలు డాబా ఎక్కాయి. దండెం మీది బట్టలు, గూట్లోని దువ్వెనలు, మందుసీసాలు అన్నీ మూటలయ్యాయి. చివరికి మిగిలింది మంచం, దాని మీద మనిషి.

“ఏమే, నన్ను కూడా సర్దేస్తున్నావా?”

“రెండు గంటలే అత్తయ్యా. పక్కింటి పిన్ని టీవీ పెడుతుందిలే.”

“అలా చెప్పు. అయితే నాలుగు గంటలైనా పర్లేదు.”

కొలతలాయన వచ్చి అన్ని గదులూ తిరిగాడు. ఆయన చెప్పుల చప్పుడు ఆయనకే తిరిగి వినిపించింది. ముందుగదిలో మిషను, పక్కన నలభై జతల గుట్ట, అంతే.

“పొయ్యి ఏదమ్మా?”

“పక్కింట్లో పెట్టామండీ. శుభ్రంగా ఉంటుందని.”

“పక్కలు?”

“డాబా మీద.”

“పెద్దావిడ కాళ్లు?”

“కాళ్లూ తలా రెండూ పక్కింట్లోనే ఉన్నాయండీ.”

ఆయన చాలాసేపు రాశాడు. రాస్తూ రెండుసార్లు తల ఊపాడు. టైలరమ్మ గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

అయిదు రోజుల తరవాత కార్యాలయానికి రమ్మన్నారు. గుమస్తా కాగితం చదివి వినిపించాడు.

“సదరు చోట కుట్టు వ్యాపారం సక్రమంగా ఉన్నది. అనుమతి ఇవ్వడమైనది.” ఆమె రెండు చేతులూ జోడించింది. “ఆగండమ్మా, ఇంకా ఉంది. సదరు చోట ఇల్లు ఎంత వెతికినా కనబడలేదు. కనుక అక్కడ కుటుంబం ఉండటం నేరం. ఆదివారంలోగా ఖాళీ చేయవలెను.”

“అయ్యో, అది మా ఇల్లేనండీ! పంతొమ్మిదేళ్లుగా అక్కడే కాపురం!”

గుమస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “పంతొమ్మిదేళ్లా? బయట అనకండి. నేను వినలేదనుకుంటాను.”

“మిషనుకు చోటిచ్చి మమ్మల్ని పొమ్మంటే ఎలాగండీ? మంచాన పడ్డ మనిషి ఉంది.”

“పొమ్మనడం లేదమ్మా. వ్యాపార స్థలంలో కాపురం పెట్టుకోవడానికి దరఖాస్తు ఉంది. నాలుగో వంతు దాకా ఇస్తారు. అంతదాకా ఎక్కడైనా సర్దుకోండి.”

(పక్కింట్లో సర్దుకునే వీలు లేదు. పరాయి మంచం వేసినందుకు పిన్నికి ఆ పొద్దునే లాడ్జి నోటీసు వచ్చింది.)

టైలరమ్మ దరఖాస్తు అందుకుంది. మొదటి గడిలో ‘ప్రస్తుత నివాసం’ అని ఉంది. తన ఇంటి నంబరు, వీధి పేరు రాసింది.

“అది రాస్తే నేరం ఒప్పుకున్నట్టేనమ్మా,” అన్నాడు గుమస్తా.

ఆమె మళ్లీ కలం పట్టింది. రాసింది కొట్టేసి, కింద ‘లేదు’ అని రాసింది.

ఒక్క తప్పు కూడా లేని దరఖాస్తు చూసి చాలా కాలమైందని గుమస్తా మెచ్చుకున్నాడు.