తిమింగలానికి శాలువా

సముద్రపు ఒడ్డు దాకా పరుచుకున్న ఒక పెద్ద అడవి ఉండేది. నేల మీదైనా నీళ్లలోనైనా అక్కడి అడవిసభ చేసిందే చట్టం. సభకు అధ్యక్షుడు ఎలుగుబంటి. అది నిద్రలో ఉన్నప్పుడు, అంటే దాదాపు ఎప్పుడూ, పని నడిపేది కార్యదర్శి నక్క.

ఒకరోజు ఒక తల్లి తిమింగలం పిల్లను వెంటబెట్టుకుని ఒడ్డు దగ్గరికి వచ్చింది.

"అయ్యా, సొరచేపలు మా పిల్లల్ని బతకనివ్వడం లేదు. మా మంద సగానికి సగం పోయింది. మమ్మల్ని వేటాడకూడదని ఒక్క చట్టం చెయ్యండి" అని ప్రాధేయపడింది.

నక్కకు రోజూ చేపలు పంపేది సొరచేపలే. ఆ సంగతి పైకి చెప్పలేదు కదా!

"తప్పకుండా తల్లీ! కానీ మన సభలో శాలువా కప్పకుండా ఎవరి అర్జీనీ తీసుకోం. అది మర్యాద" అంది.

తిమింగలానికి సరిపడే శాలువా! పాపం గిజిగాళ్లు గడ్డిపోచలు ఏరుకొచ్చి నేస్తూ కూర్చున్నాయి. తోక దాకా నేసేసరికి వానలు పోయి చలికాలం వచ్చింది.

కబురందుకుని తిమింగలం మళ్లీ వచ్చింది. ఈసారి పక్కన పిల్ల లేదు.

"మిగిలినవాళ్ల పిల్లల కోసమైనా తొందరగా కానివ్వండి" అంది.

"ఇంకాస్త ముందుకు రావాలమ్మా, శాలువా అందడం లేదు" అంది నక్క.

సముద్రం పోటు మీద ఉంది. తిమింగలం ఇసుక దాకా వచ్చింది. శాలువా కప్పారు. ఇక ఉపన్యాసాలు. నెమలి మాట్లాడింది, అడవిపంది మాట్లాడింది. "రెండే రెండు ముక్కలు" అంటూ లేచిన కొండముచ్చు ఎంతకీ కూర్చోలేదు. ఈలోగా నీళ్లు వెనక్కి పోయాయి.

"అయ్యా, ఊపిరాడటం లేదు" అంది తిమింగలం.

"వక్తకు అడ్డు తగలకూడదమ్మా" అంది నక్క.

చప్పట్లు ఆగేసరికి ఆ తల్లి ప్రాణం పోయింది. సిగ్గులేని సభ లేచి నిలబడి మౌనం పాటించింది.

జంతువులన్నీ గొల్లుమనడంతో నక్క అక్కడికక్కడే చట్టం చదివింది: "ఒడ్డున ఉన్న తిమింగలాన్ని ఎవరూ, ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టరాదు. ముడితే అడవి నుంచి వెలి." సొరచేపలు ఒడ్డుకు రావు కదా, వాటికొచ్చిన నష్టమేం లేదు. ఎలుగుబంటి నిద్రలోనే వేలిముద్ర వేసింది.

ఎండ ముదిరేకొద్దీ కంపు మొదలైంది. దెబ్బకు అధ్యక్షులవారికి మెలకువ వచ్చింది.

"రాబందుల్ని పిలవండి!" అని అరిచింది ఎలుగుబంటి.

రాబందు కొమ్మ దిగలేదు. "ముట్టరాదని మీరే కదండీ అన్నారు? మేం చట్టానికి కట్టుబడినవాళ్లం."

"అయితే చట్టం మార్చండి!"

"మార్చాలంటే సభ కూడాలి. ఈ కంపులో ఎవరొస్తారండీ?" అంది నక్క, ముక్కు మూసుకుని.

సభ మొత్తం కొండల్లోకి పారిపోయింది. అక్కడ నక్కకు చేపముల్లు కూడా దొరకలేదు. సముద్రంలో సొరచేపలు మాత్రం ఎప్పటిలాగే వేటాడుకుంటున్నాయి.

నీతి: చట్టం గట్టిగా అమలు కావాలంటే, అది కాపాడాల్సినవాళ్లు ముందు చచ్చిపోవాలి.