పద్దెనిమిది గ్రాముల గౌరవం

ప్రయాణాల క్రెడిట్ కార్డు ఇంటికి రాగానే కాటాలు బాగుచేసే గ్రాములాయన చేసిన మొదటి పని, దాన్ని తూచడం.

"పద్దెనిమిది గ్రాములు! లోహపు కార్డు! మామూలువి అయిదు గ్రాములు కూడా తూగవు."

ఆ మాట కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. అడగనివాడికి రెండుసార్లు చెప్పాడు.

చెప్పనిది ఒకటుంది. ఇంట్లో జీతం చీటీ ఉన్నది భార్యకే. అందుకని అసలు కార్డు ఆవిడ పేరు మీద వచ్చింది. ఈయనది దానికి తోకగా వచ్చిన అదనపు కార్డు.

ఆవిడ ఇరవై అయిదేళ్ళుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతోంది. ఇన్నేళ్ళలో చూడకుండా వదిలేసిన తప్పు ఒక్కటే, ఈయన.

"ఏడాదికి ఫీజెంతండీ?"

"ఫీజనకోయ్, గౌరవం అను. విమానాశ్రయంలో లాంజి ఉంటుంది. మెత్తటి సోఫాలు, తిన్నంత తిండి. ఇద్దరికీ ఉచితం."

"ఉచితమైతే ఫీజెందుకూ?"

ఆయనకి ఉన్నట్టుండి ఒక కాటా మర వదులుగా కనిపించింది.

చివరికి పందెం కుదిరింది. నెలాఖర్లో వేరే ఊళ్ళో, పాతికేళ్ళ ప్రూఫులకిగాను ఆవిడకి సన్మానం. ఇద్దరికీ విమానం టికెట్లు అచ్చాఫీసు తాలూకు పెద్దాఫీసువాళ్ళే పంపారు. ఆ ఒక్క ప్రయాణంలో ఫీజు రాబడితే కార్డు ఉంటుంది. లేకపోతే పోతుంది.

"రాబట్టకపోతే నా పేరు మార్చేయ్. సభలో ముందు వరసలో కూచుని, చప్పట్లు కొడుతూ లెక్క చెప్తాను."

"చప్పట్లు చాలు. లెక్క వద్దు," అందావిడ.

ముందురోజు మధ్యాహ్నం నుంచే ఆయన పస్తున్నాడు. లాంజిలో అడుగుపెట్టగానే చొక్కా చేతులు మడిచాడు. పళ్ళెం అరచేతిలో ఎత్తి చూసి, "నాలుగొందల ఇరవై గ్రాములు" అని చీటీ మీద రాసుకున్నాడు. కేకు, గుడ్లు, వెన్న రాసిన రొట్టె, మళ్ళీ కేకు. వడ్డించే ఆవిడ జాలిగా చూసింది. ఆయన అది మర్యాద అనుకున్నాడు.

భార్య ఒక టీ తీసుకుని, కార్డుతో వచ్చిన నిబంధనల పుస్తకం చదువుతూ కూర్చుంది. చదివి, ఎవరికో ఫోన్ చేసింది.

"ఏమండీ, గేటు తీశారు. పదండి."

"ఇంకొక్క పావుకిలో! ఫీజు తేలిపోతుంది."

"ఏమండీ, ఆఖరి పిలుపు!"

"నువ్వు నడుస్తూ ఉండు. ఐస్‌క్రీము ముగించి వచ్చేస్తా."

పావుకిలో అయింది, ఫీజు తేలింది. పైన కాస్త లాభం కూడా కనబడింది. గెలిచినవాడి నడకతో గేటు దగ్గరికి వెళ్ళేసరికి, అద్దం అవతల విమానం కదులుతోంది.

గుండె దిటవు చేసుకుని టికెట్ల కౌంటర్‌కి వెళ్ళాడు. కార్డుని బల్లమీద టంగుమనిపించాడు.

"తర్వాతి విమానానికి ఒకటివ్వమ్మా."

అమ్మాయి కార్డు రెండుసార్లు గీసింది. "ఇది రద్దయిందండీ."

"పొరపాటేమో. పద్దెనిమిది గ్రాములు, పట్టుకుని చూడు."

"బరువుంది గానీ, రద్దేనండీ."

జేబులో మిగిలింది ఇంటికి బస్సు చార్జీ మాత్రమే.

సాయంత్రం కొట్లో, కాటాల మధ్య కూచుని ఫోన్లో సన్మానం చూశాడు. వేదిక మీద ఎవరో అడిగారు: "ఎవరూ చదవనివి కూడా మీరు చదువుతారట, నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ. ఇవాళ పొద్దున కూడా చదివాను. పన్నెండో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాలు. ముప్ఫై రోజుల్లోగా కార్డు వద్దంటే ఫీజు తిరిగిచ్చేస్తారట. ఇవాళ ముప్ఫయ్యో రోజు. మావారు మూడో పళ్ళెంలో ఉండగా రద్దు చేయించాను. ఇక ఆయన తిన్నదంతా లాభమే. పందెం ఆయనే గెలిచారు."

సభ విరగబడి నవ్వింది. ఆవిడ ముందు వరసలో ఖాళీ కుర్చీకేసి చూసింది.

"కాకపోతే, నాకు చప్పట్లు బాకీ ఉన్నారు."

గ్రాములాయన లేచి నిలబడ్డాడు. ఒక్కడే, అరచేతులు మండేదాకా కొట్టాడు. చుట్టూ కాటాల ముళ్ళన్నీ వణికాయి.

మర్నాటి నుంచి ఆ కార్డు కొట్లో ఊగే కాటా కాలికింద ఉంది. అదేమిటని అడిగితే ఇప్పుడు బరువు చెప్పడు.

"మా ఆవిడ రద్దు చేసిన కార్డు," అంటాడు, ఛాతీ విరుచుకుని.

అడగనివాడికి రెండుసార్లు చెప్తాడు.