తిరుగుడు పాఠం

"నువ్వు తప్పిపోతవ్ బిడ్డా. నా మనసుకు ఎందుకో గట్లనే అనిపిస్తుంది" అంది భాగ్యలక్ష్మి. సింధూజ అప్పటికింకా పక్క మీద నుంచి లేవనే లేదు.

సింధూజ సూరత్‌లో పుట్టి, సూరత్‌లో చదివి, సిటీ బస్సుల్లో కిటికీ పక్క సీటు కోసం కొట్లాడి పెరిగిన పిల్ల. తప్పిపోవడానికి కావలసిన అర్హతలన్నీ ఆ ఇంట్లో ఒక్క భాగ్యలక్ష్మికే ఉన్నాయి. పెళ్లై సిరిసిల్ల నుంచి వచ్చి పాతికేళ్లు దాటినా ఆమెకు తెలిసిన సూరత్ కూరగాయల బజారు దగ్గర మొదలై రేషన్ దుకాణం దగ్గర అయిపోతుంది. ఆ కాస్త దూరం కూడా ఆమె గోడ పట్టుకునే నడుస్తుంది.

ఆ రోజు అదే ఊళ్లోని ఆల్థాన్‌లో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో సింధూజ డెమో క్లాసు చెప్పాలి. నచ్చితే ఉద్యోగం ఇస్తారు. ఇంతకుముందు రెండు స్కూళ్లు "కబురు చేస్తాం" అని పంపించేశాయి, ఏ కబురూ రాలేదు. ఇదీ పోతే సింధూజ కూడా తల్లి పక్కన కూర్చుని, సేఠ్ పంపే చీరలకు గమ్ముతో రాళ్లు అంటించుకోవాలి. ఆ పని ఎంత నడుము నొప్పో తెలిసిన మనిషి కాబట్టి భాగ్యలక్ష్మికి ఆ ఉద్యోగం కూతురికంటే ఎక్కువ అవసరం.

పాఠం 'ఎర్రర్' అనే మాట గురించి. వారం నుంచి సింధూజ ఇంట్లోనే సాధన చేస్తోంది. క్లాసులో విద్యార్థి ఒక్కతే, భాగ్యలక్ష్మి. రాళ్లు అంటిస్తూనే పాఠం వినేది.

"ఎర్రర్ అంటే ఇప్పుడు తప్పు. వెనకట దారి ఇడిచి తిరుగుడు అని గూడ అర్థం ఉండె. పోను పోను తిరుగుడు పోయింది, తప్పు మిగిలింది" అని సింధూజ చెప్పింది.

"గట్లయితే తిరిగెటోళ్లందరు తప్పు చేసినట్టేనా? పాపం, కూరగాయల బండాయన?"

"నువ్వు స్టూడెంట్‌వి అమ్మా. ప్రశ్నలు నేనడుగుత. చెప్పు, ఎర్రర్ అంటే మొదలు ఏముండె?"

"తిరుగుడు" అనేది భాగ్యలక్ష్మి. రోజుకు పదిసార్లు అనేది. ఇంగ్లీషులో అడిగినా అదే అనేది, ఎందుకంటే సింధూజ అడిగే ప్రశ్న అదొక్కటే.

ఆ పొద్దున బయల్దేరుతుంటే కూడా ఆమెకు ఒక సందేహం మిగిలింది. "పాఠం సమజ్ అయ్యేతందుకు ఏదన్న వస్తువు తెచ్చి సూపియ్యాలని ఆ స్కూలోళ్లు అన్నరంటివి గద. ఏందది, టీచింగ్ ఎయిడా? చార్టు గిట్ల ఏం తీస్కపోవా?"

"మాటకు చార్ట్ ఏం గీస్తరమ్మా. ఛల్, నేను పోతున్న. ఫోన్ బంద్ చేసి లోపలికి రమ్మన్నరు, ఊకె చేయకు."

పిల్ల వెళ్లిపోయాక భాగ్యలక్ష్మి ఇల్లు ఊడ్చి అల్మారా తెరిచింది. లోపల, న్యూస్‌పేపర్‌లో చుట్టి, చిలకపచ్చ చీర ఉంది. నిన్న ఇస్త్రీవాడు పేపర్‌లో చుట్టి ఇచ్చిన చీర. సింధూజ ఈ రోజు కట్టుకోవలసిన చీర.

ఇదిక్కడుంటే పిల్ల కట్టుకుపోయింది ఏది? జవాబు ఆమెకు వెంటనే తోచింది. చెడ్డ జవాబులు ఆమెకు ఎప్పుడూ వెంటనే తోస్తాయి. సింధూజ చీర పోయిన దీపావళికి సేఠ్ తన మాలులోంచే తీసి ఇచ్చినది. అదే రంగు, అదే అంచు ఉన్న చీర ఇంకోటి నిన్నటి మూటలో వచ్చింది. పొద్దున లేస్తూనే తను దాని కొంగుకు మామిడిపిందెల ఆకారంలో రాళ్లు అంటించింది. ఆ గమ్ము సాయంత్రానికి గాని ఆరదు. పిల్ల ఆ పచ్చి చీర కట్టుకుని పోయిందన్నమాట. కుర్చీలో కూర్చుంటుంది. ప్రిన్సిపాల్ పిలుస్తుంది. పిల్ల లేస్తుంది. కుర్చీ కూడా లేస్తుంది.

కూతురి ఫోన్ బంద్ ఉంది. భర్త రాజమల్లుకు చేసింది. అతను మగ్గాల మధ్య డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ ఎత్తాడు కానీ మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. భాగ్యలక్ష్మి సంగతంతా ఆ మగ్గాలకే చెప్పుకుని పెట్టేసింది. చెప్పాక కొంచెం నయమనిపించింది.

చీర తీసుకుని తనే పోదామనుకుంది. దారిలో ఆ చీర మీద ఏమైనా పడితే? ఇంకోటి పెట్టింది. అది పిల్లకు నచ్చకపోతే? మరొకటి. అన్నిటికీ ఆఖరు ధైర్యంగా తన పెళ్లి చీర కూడా పెట్టి, పాత దుప్పట్లో మూట కట్టి నెత్తికెత్తుకుంది. సూరత్‌లో నెత్తిన చీరల మూటతో నడిచే ఆడమనిషిని చూసి ఎవరైనా ఒకటే అనుకుంటారు, చీరలు అమ్ముకునే మనిషి అని. ఆ సంగతి ఒక్క ఆమెకే తట్టలేదు.

"ఆల్థాన్" అంది ఆటో ఎక్కి. ఆటో అతను మూట చూశాడు. "ఆల్థాన్‌ల మాల్ ఎవరు కొంటరు మౌసీ" అని హిందీలో ఓదార్చి, రింగు రోడ్డులో బట్టల మార్కెట్ ముందు దింపాడు.

దిగీ దిగగానే ఒక హమాలీ ఆమె నెత్తిన మూట తీసుకుని మెట్లెక్కాడు. ఆమె అతని వెనక పరుగెత్తింది. పైన గద్దె మీద కూర్చున్న వ్యాపారి మూట విప్పాడు. పేపరు చుట్టిన దాన్ని పక్కకు నెట్టి, పెళ్లి చీర వేళ్లతో నలిపి చూసి పెదవి విరిచాడు. "పాత డిజైన్. నడవదు. వాపస్."

పరుగెత్తి వచ్చిన పని భాగ్యలక్ష్మి మరిచిపోయింది. "అది నా పెండ్లి చీర సేఠ్. పాతికేండ్లు నడిచింది" అంది కోపంగా, వచ్చిన హిందీలో. అంతా అయ్యాక గాని ఆల్థాన్ గుర్తు రాలేదు.

వాపసు మాలు తీసుకెళ్లే టెంపో కింద సిద్ధంగా ఉంది. ఆల్థాన్ మీదుగానే పోతానన్నాడు డ్రైవరు. ఆమె వాపసు మూటల మధ్య తన మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డ్రైవరుకు ఆల్థాన్ సంగతి కడోదరాలో గుర్తొచ్చింది. అప్పటికి ఊరు దాటి హైవే మీదున్నారు.

రోడ్డు పక్కన మూట మీద కూర్చున్న ఆమెను చూసి ఒక మోటార్‌సైకిల్ ఆగింది. రాజమల్లుతో కలిసి ఒకప్పుడు మగ్గం నడిపిన బిక్షపతి. ఇప్పుడు కడోదరాలో పని.

"వదినా, మూట పట్టుకొని గీడ ఏం చేస్తున్నవ్?"

"తప్పిపోయిన తమ్మీ."

"గన్నేండ్ల సంది సూరత్‌లనే ఉంటివి గద."

"ఉన్న. తిరుగలే" అంది భాగ్యలక్ష్మి. తర్వాత ఆలోచించి, "ఇయ్యాల ఒక్కనాడే అంత తిరిగిన" అంది.

బిక్షపతి నవ్వుకుంటూ ఆమెను స్కూలు గేటు దగ్గర దింపి పోయాడు. గేటు కాపలా అతను మూట చూసి ఏమీ అడగలేదు. "చీరలవాళ్లు అటు నుంచి, స్టాఫ్ రూమ్‌కి" అని దారి చూపించాడు. ఆ పొద్దున ఆమె అడగకుండానే సరైన చోటికి దారి చూపినవాడు అతనొక్కడే.

అది ఇంటర్వెల్ సమయం. ఆమె నోరు తెరిచేలోగా టీచర్లు మూట విప్పేశారు. "అమ్మేవి కావు మేడమ్. నా బిడ్డవి" అని బతిమాలింది. "ముందు అందరూ ఇలాగే అంటారు, తర్వాత రేటు చెబుతారు" అంది ఒక టీచరు. అందరికంటే వయసులో పెద్దదైన, కళ్లద్దాలు పెట్టుకున్న ఆవిడ పేపరు విప్పి చిలకపచ్చ చీర తీసి, కొంగు తన భుజం మీద పరుచుకుని అద్దంలో చూసుకుంది. చూసుకుని నచ్చినట్టు అలాగే అరిచేత్తో అదిమింది.

బెల్లు మోగింది. "ప్రిన్సిపాల్ మేడమ్, డెమో క్లాస్" అని ఎవరో పిలిచారు. కళ్లద్దాల ఆవిడ "వస్తున్నా" అంటూ కొంగు లాగింది. చీర వచ్చింది. రాళ్లు రాలేదు. మామిడిపిందెలు మామిడిపిందెలుగానే ప్రిన్సిపాల్ భుజం మీద ఉండిపోయాయి. పక్కన ఒక పేపరు ముక్క కూడా. ఆవిడ చూసుకోకుండా నడిచిపోయింది.

భాగ్యలక్ష్మి చీర ఎత్తి కొంగు తడిమి చూసింది. ఇస్త్రీ చీర మీద పచ్చి గమ్ము ఎక్కడిది? అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున, రాళ్లు అంటించిన చీర మీద బల్లి పడుతుందేమోనన్న భయంతో దాన్ని పేపర్‌లో చుట్టి అల్మారాలో పెట్టింది తనే. చోటు చాలక ఇస్త్రీ చీర తీసి మేకుకు తగిలించింది తనే. పిల్ల మేకు మీది చీర కట్టుకుని హాయిగా వెళ్లింది. పచ్చి చీరను సూరత్ అంతా తిప్పి, వెతికి వెతికి ఉద్యోగం ఇచ్చే మనిషి భుజానికి అంటించింది తను. బల్లి పడ్డా ఇంత నష్టం చేసేది కాదు.

ఒక్కొక్క రాయి గిల్లి తీసేద్దామని ప్రిన్సిపాల్ వెనకే వంగి నడిచింది. మూడో రాయి దగ్గర తల ఎత్తితే తను క్లాసులో ఉంది. బోర్డు దగ్గర సింధూజ, పొడి చీరలో, మడత నలగకుండా ఉంది. తల్లిని చూసి ఆమె చేతిలో చాక్‌పీస్ ఆగింది. అయినా పాఠం ఆపలేదు. పిల్లల వైపు తిరిగి ఇంగ్లీషులో తన ప్రశ్న అడిగింది, ఎర్రర్ అంటే ఒకప్పుడు ఏమిటని.

పిల్లలెవరూ పలకలేదు. ప్రిన్సిపాల్ పెన్ను మూత తీసింది. సింధూజ ఇంకోసారి అడిగింది.

భాగ్యలక్ష్మి ఆగలేకపోయింది. వారం రోజుల అలవాటు. "తిరుగుడు" అంది. పిల్లలందరూ వెనక్కి తిరిగి చూస్తే హిందీలోకి మార్చింది. "తిరగడం పిల్లలూ. ఆల్థాన్ పోవాలని ఎక్కి, మార్కెట్‌లో దిగి, కడోదరా చూసి, మళ్లీ ఆల్థాన్ రావడం. దారి నాది కాదు, అయినా నేనే తిరిగిన. తప్పు కూడా నాదే."

పిల్లలు నవ్వారు. "అంటే ముందు తిరిగారు, తర్వాత అది తప్పయింది" అంది ముందు బెంచీ పిల్ల. సింధూజ ఆ మాటే బోర్డు మీద రాసింది.

"ఎవరీమె? చీరల ఆమె కదా" అని అడిగింది ప్రిన్సిపాల్.

సింధూజ తల్లిని చూసింది. ప్రిన్సిపాల్ భుజం మీద మెరుస్తున్న మామిడిపిందెలను చూసింది. "మా అమ్మ మేడమ్" అంది. "ఈ పాఠానికి టీచింగ్ ఎయిడ్."

ప్రిన్సిపాల్ పిల్లల చూపులు వెంబడించి తన భుజం చూసుకుంది. ఒక రాయి గోటితో పీకింది. పేపరు ముక్క పీకి, దాని మీది వార్త చివరిదాకా చదివింది.

తర్వాత ప్రిన్సిపాల్ పెన్ను మూత పెట్టింది.

"సోమవారం నుంచి రండి" అంది సింధూజతో. "మీరొక్కరే."