త్రిపురాంబకు రెండో పిలుపు

సూపరింటెండెంటు భీమశంకరం గారి కాలేయంలో ఇరవై కుటుంబాలు కూలికి పనిచేస్తున్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలిసినా చేసేదేమీ లేదు, అందరి కాలేయాల్లోనూ ఇదే పద్ధతి. ఏ, యూ, జీ, సీ అనే నాలుగక్షరాలతో రాసిన పాఠాన్ని మేస్త్రి మూడేసి అక్షరాల చొప్పున మైకులో చదువుతాడు. ఆ మూడూ ఎవరి పిలుపైతే వాళ్లు వచ్చి ముందువాళ్ల చెయ్యి పట్టుకుని వరుసలో నిలబడాలి. వరుస పూర్తయితే అదే సరుకు, అంటే ప్రొటీను.

పిలుపులు అరవై నాలుగు. పంచిందెవరో గాని సమంగా పంచలేదు. లీలావతి కుటుంబానికి ఆరు, త్రిపురాంబ కుటుంబానికి ఒక్కటే: యూ జీ జీ. లీలావతి టిఫిను డబ్బా మూత తీసేలోపే పిలుపు వచ్చేది. "అబ్బబ్బ, నాలుగు మెతుకులు మింగనివ్వరు కదమ్మా!" అని విసుక్కుంటూ లేచేది. పక్కనే ఖాళీగా కూర్చున్న త్రిపురాంబకు ఆ విసుగు చూస్తే ఒళ్లు మండిపోయేది. మేస్త్రి నోరు జారి యూ జీ జీని యూ యూ జీ అని చదివితే, ఆ ఒక్క పిలుపూ లీలావతికే పోయేది.

త్రిపురాంబ మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"ఇంకో పిలుపు ఇప్పించండి బాబూ."

"కుదరదమ్మా. బొద్దింకలోనైనా గుమ్మడికాయలోనైనా నీకు ఒకటే."

"మరి పక్కన మైటోకాండ్రియా పవర్‌హౌసులో మా తోటికోడలికి యూ జీ ఏ కూడా ఇచ్చారుగా!"

"అక్కడి రూలు వేరు. ఇక్కడ యూ జీ ఏ అంటే పని ఆపమని. అలాంటివి మూడున్నాయి, అవి ఎవరివీ కావు."

"ఎవరివీ కానప్పుడు నాకిస్తే ఎవరి సొమ్ము పోయింది?"

మేస్త్రి మైకు అందుకుని తర్వాతి పాఠం మొదలుపెట్టాడు.

మర్నాడు యూ జీ ఏ వినబడగానే త్రిపురాంబ లేచి వెళ్లి వరుస చివర చెయ్యి పట్టుకుంది. ఆగవలసిన పని ఆగలేదు. మేస్త్రి పాఠం అయిపోయాక ఉన్నదంతా కూడా చదువుకుంటూ పోయాడు. ఆ సరుకు ఎందుకూ కొరగాదని అందరికీ తెలుసు. అయినా పిలిస్తే రాకుండా ఎలా ఉంటారు? భీమశంకరం గారికి కుడి డొక్కలో బరువెక్కింది, కళ్లు పచ్చబడ్డాయి. ఆయన సెలవు పెట్టారు.

విచారణ జరిగింది. వచ్చి నిలబడ్డ మనిషిని వెనక్కి పంపే రూలు లేదని తేల్చి, ఆ పిలుపు త్రిపురాంబకే ఖాయం చేశారు. ఆ రోజు లీలావతి మొహం మాడిపోయింది. అది చూశాక గాని త్రిపురాంబకు కడుపు చల్లబడలేదు.

లీలావతి మాత్రం ఊరుకుంటుందా? "ఇంత చాకిరీ చేసేదాన్ని, నాకేం తక్కువ?" అని మిగిలిన రెంటిలో ఒకటి రాయించుకుంది. రెండోది మర్నాటికల్లా ఇంకో కుటుంబం దక్కించుకుంది. ఇక ఆ కాలేయంలో చాలు అని చెప్పడానికి ఒక్క పిలుపూ మిగల్లేదు. అందరికీ చేతినిండా పని.

భీమశంకరం గారి పొట్ట రోజురోజుకూ పెరుగుతోంది. పరామర్శకు వచ్చిన పక్కసీటు గుమాస్తా ఆ పొట్ట వంక చాలాసేపు చూశాడు.

"ఆ సీటే అంతండీ. కూర్చున్నవాళ్లకి ఒళ్లు దానంతటదే వచ్చేస్తుంది" అన్నాడు.

మర్నాడే ఆ సీటు తనకిమ్మని దరఖాస్తు పెట్టుకున్నాడు.