మన్మథరావు పలకకు రెండు చిన్న రెక్కలు

తిరుమలరావు నిద్ర లేచేలోపే ఆ రోజు పనులన్నీ తూకం వేసుకునే మనిషి. ఆ శనివారం తూకం ఇలా తేలింది. ఏడింటికి పలాస స్టేషన్లో పార్సిలు విడిపించుకోవాలి. ఎనిమిదింటికి కాశీబుగ్గలో తన ఇంటి వరండాలో భద్రంగా దించాలి. ఆదివారం పొద్దున్న దాని సొంతదారును సముద్రానికి తీసుకెళ్లి ఒక గంట ఆడించాలి. తరువాత ఇంట్లో చేపల పులుసుతో భోజనం పెట్టి, చేతులు తుడుచుకుంటుండగానే ఈ ఏటి జీడిపప్పంతా అతనే కొనేటట్టు కాగితం మీద సంతకం పెట్టించాలి. పెట్టుబడి ఒక గంట, రాబడి ఒక ఏడాది. 2007లో ఇంతకు మించిన బేరం తనకు తగలదని అతని నమ్మకం.

నమ్మకం కంటే అవసరం ఎక్కువ. పాత కొనుగోలుదారు వేసవిలోనే చేతులెత్తేశాడు. గోడౌనులో డబ్బాలు కప్పుకు తగులుతున్నాయి. ఈ సంతకం పడకపోతే షెడ్డు మూసి, అందులో పిక్కలు కొట్టే నలభై మంది ఆడవాళ్లను వానాకాలం వెళ్లేదాకా ఇంట్లో కూర్చోమని చెప్పాలి. ఆ మాట వాళ్లతో ఎలా చెప్పాలన్నది మాత్రం అతనికి ఏ తూకంలోనూ తేలలేదు.

సంతకం పెట్టవలసిన మన్మథరావుది విశాఖపట్నం. యాభై దాటాక డాక్టరు రోజూ నడవమన్నాడు. అతను నడవకుండా, బీచిలో కుర్రాళ్లను చూసి, అలల మీద నిలబడి జారే పలక ఒకటి కొనుక్కున్నాడు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం దాని మీద నిలబడాలని చూస్తున్నాడు. ప్రతి ఆదివారం పడుతున్నాడు. తెలిసినవాళ్ల ముందు పడడం కంటే తననెవరూ ఎరగని, పలాస పక్క ఉద్దానం ఒడ్డున పడడం మర్యాదగా ఉంటుందని, సరుకు చూసుకునే వంకతో పలకను ముందుగా రైల్లో పంపాడు.

రిక్షా మీద అడ్డంగా వచ్చిన తొమ్మిది అడుగుల మూటను చూసి తిరుమలరావు భార్య గౌరి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటండీ ఇది, ఎవురింటి తలుపు ఊడదీసి తెచ్చినారు?"

"తలుపు కాదే. మన్మథరావుగారి పలక. అలల మీద నిలబడతాడట."

"ఆ వొయసులోనా? ఒడ్డు మీద నిలబడితే సాలదేటి?"

వచ్చిన సరుకును విప్పి చూసుకోకుండా లోపల పెట్టడం తిరుమలరావు ఇంటా వంటా లేదు. దుప్పట్లు విప్పాడు. ఎక్కడా చిట్లలేదు. పలక అడుగున, తోక వైపు, మధ్యలో నిలువుగా ఒక పెద్ద రెక్క బిగించి ఉంది. దానికి చెరో పక్కన ఖాళీ గాడి ఒకటి ఉంది. మూట అడుగున చిన్న గుడ్డ సంచి, అందులో అరచేతిలో ఇమిడే తెల్లని రెక్కలు రెండు, ఒక వంకర ఇనప తాళంచెవి కనిపించాయి.

పలాసలో జీడి వ్యాపారికి ఏ ఊరి నుంచి ఏ పార్సిలు వచ్చినా, అందులో ఎవరో ఒకరు కొత్త పనిముట్టు శాంపిలు దూర్చి పంపుతారు. చీల్చిన పిక్కలోంచి పప్పును తీసే పుల్లలు, పొట్టు గీసే కత్తులు అలా వచ్చి చేరుతూనే ఉంటాయి. తిరుమలరావు ఆ రెండు రెక్కలనూ వేలితో గీసి చూశాడు. అంచు పదునుగా ఉంది, పట్టు బాగుంది. పలకకు అంత పెద్ద రెక్క ఉండగా ఈ పిల్ల రెక్కలు దేనికి? శాంపిళ్లే అనుకుని జేబులో వేసుకుని షెడ్డుకు వెళ్లాడు.

షెడ్డులో అందరికంటే చురుకైన చెయ్యి వరహాలుది. ఆమె రెక్కను అటూ ఇటూ తిప్పింది.

"ఏటి బాబూ ఇది, సేప రెక్కనాగున్నాది?"

"శాంపిలు. పిక్కలోంచి పప్పు తియ్యడానికి. ఎలగున్నాదో సూసి మద్దేనం సెప్పు."

వ్యవహారం మధ్యాహ్నం దాకా ఆగలేదు. పదకొండింటికే మన్మథరావు ఫోను చేశాడు.

"తిరుమలరావుగారూ, బోర్డు చేరిందా? సంచిలో సైడ్ ఫిన్లు రెండుంటాయి, చిన్నవి. అవి జాగ్రత్తండీ. సింగపూరు నుంచి తెప్పించాను. పెద్ద ఫిన్ను దారి చూపిస్తుంది గానీ, బోర్డు పక్కకు జారకుండా నీటిని పట్టేది ఆ చిన్నవే. అవి లేకపోతే నేను రావడమే దండగ."

తిరుమలరావు చెయ్యి ఖాళీ జేబు మీదకు పోయింది.

"అయ్యో, అవి బీరువాలో పెట్టేనండి."

"బీరువాలోనా?"

"మా ఆవిడ నగల పక్కనండి."

సరుకు కళ్లపడకముందే రశీదు రాసి ఇచ్చినట్టయింది. ఇక ఆ మాట నిలబెట్టుకోవడం తప్ప దారి లేదు. షెడ్డుకు పరుగెత్తాడు. వరహాలు అతన్ని చూసి మెచ్చుకోలుగా తల ఊపింది.

"ఒకటి బాగా పన్జేత్తంది బాబూ. పప్పు పగలకుండా వొచ్చీత్తంది. రెండోది కటింగు మిషను పళ్లలోకెల్లి నాలుగు ముక్కలయిపోనాది. ఆళ్లకి సెప్పీయండి, సరుకు గట్టిది కాదని."

ముక్కలు ఏవని అడిగితే పొయ్యి వైపు చూపించింది. పిక్కల తొక్కుతో పాటు అవి అప్పటికే పొయ్యిలోకి వెళ్లిపోయాయి. మిగిలిన రెక్క పిక్కల తొక్కులోంచి కారే జీడినూనె పట్టి ఉలవచారు రంగుకు తిరిగింది. తిరుమలరావు దాన్ని గుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చాడు. కిరసనాయిలు పెట్టాడు, బూడిదతో తోమాడు, సోడా వేసి ఉడకబెట్టాడు. ఉలవచారు కాస్తా టీ రంగుకు వచ్చి అక్కడ ఆగింది.

"ఉన్నదున్నట్టు సెప్పీయొచ్చు కదా," అంది గౌరి.

"సెప్తే రాడు. రాకపోతే సంతకం రాదు. సంతకం రాకపోతే సోమారం వరహాలు మొహం నువ్వు సూస్తావా, నేను సూడాలా?"

గౌరి ఇంకేమీ అనకుండా చీర మార్చుకుంది. భర్తను ఒంటరిగా పంపితే సాయంత్రానికి ఇంకో రెండు అబద్ధాలు పోగేస్తాడని ఆమె లెక్క. పలకను జీపు పైన కట్టి, మిగిలిన రెక్కను ఒళ్లో పెట్టుకుని ఆమె కూడా బయలుదేరింది. పూండి దాటి సముద్రం పక్కన, తెప్పలు చెక్కే పోలారావు ఇంటి ముందు జీపు ఆగింది.

పోలారావు అరవై ఏళ్లుగా సముద్రాన్ని, నలభై ఏళ్లుగా చెక్కను చూసిన మనిషి. రెక్కను చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"ఇది మీ జీడినూనె కంపే. నీటి మీదకెల్లే సరుకుకి దీన్నెందుకు పూసినారు బాబూ?"

"అదంతా పెద్ద కథ. దీనికి జత కావాల. సాయంత్రానికి."

పోలారావు పనస చెక్క తీసి కొలుచుకుని చెక్కడం మొదలుపెట్టాడు. రెండు గంటల్లో అచ్చు గుద్దినట్టు రెక్క తయారైంది. తిరుమలరావు రెండింటినీ పక్కపక్కన పెట్టి మురిసిపోయాడు. వంపు కలిసింది, మందం కలిసింది. రంగు మాత్రం పనస చెక్కకు పచ్చగా ఉంటే, దాన్ని టీ రంగుకు దించడానికి షెడ్డులో జీడినూనెకు కరువు లేదు.

గౌరి ఒక్కసారి చూసి అంది: "రెండూ ఒకే కాలి సెప్పులే."

నిజమే. మొదటి రెక్క ఒక పక్క నునుపుగా బల్లపరుపుగా ఉంది, రెండో పక్క ఉబ్బెత్తుగా ఉంది. జతకు కావలసింది అద్దంలో బొమ్మలా దానికి తిరగేసిన రెక్క. పోలారావు గొణుక్కుంటూ ఇంకో చెక్క తీశాడు. సూర్యుడు కొబ్బరి చెట్ల వెనక్కి దిగేసరికి అసలు జత తయారైంది. చెడిపోయిన దాన్ని పోలారావు మనవరాలు అట్లపుల్లగా లోపలికి పట్టుకుపోయింది.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఏ రెక్క ఏ పక్కకు బిగించాలి? రెండూ రెండు గాడుల్లోనూ దిగుతున్నాయి.

"నున్నటి పక్క బయటికుండాల," అన్నాడు తిరుమలరావు. "నీరు జారిపోతాది. దానికి బుర్రెక్కువ అక్కర్లేదు."

పోలారావు లోపల్నుంచి గరిటె తెప్పించి, బోరింగు కొట్టమని గౌరికి సైగ చేశాడు. కారుతున్న ధారకు గరిటె వీపును పక్కనుంచి మెల్లగా తగిలించాడు. నీరు గరిటెను తోసేస్తుందని తిరుమలరావు అనుకున్నాడు. నీరు ఆ ఉబ్బును అంటుకుని వంగి పారింది. గరిటెను ధార తనలోకే లాక్కుంది.

"సూసినారా? ఉబ్బున్న కాడికి నీరు లాగుతాది. ఈ పలకెక్కినోడు ఎడం పక్కకి ఒరిగినాడనుకోండి, ఎడం రెక్క నీట్లో లోతుకి దిగుతాది. ఉబ్బు బయటికుంటే ఆ పక్కకి లాగి పట్టుకుంటాది. పలక జారదు, తిరుగుతాది. మీరన్నట్టు పెడితే రెండూ లోపలికి లాక్కుని ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఆడు నిలబడేలోపు పలక కిందనుంచి పోతాది."

"గరిటె మాట నమ్మాలా, నా మాట నమ్మాలా?" అన్నాడు తిరుమలరావు.

"గరిటె ఇందాకట్నుంచి ఒక్క అబద్ధం ఆడలేదు," అంది గౌరి.

రెక్కలు పోలారావు చెప్పినట్టే, ఉబ్బు బయటికి, బల్లపరుపు పెద్ద రెక్క వైపుకు, సంచిలోని వంకర తాళంచెవితో బిగించారు. ఆ రాత్రి షెడ్డులో పనస రెక్కకు జీడినూనె పూశారు.

ఆదివారం ఏడింటికి మన్మథరావు పోలారావు ఇంటి ముందు ఒడ్డున కారు దిగాడు. దిగీ దిగగానే పలకను బోర్లా తిప్పించి అడుగు చూశాడు.

"ఇవి తెల్లగా ఉండేవే."

"ఉద్దానం గాలండి. ఉప్పుగాలికి రంగు తిరిగిపోతాది."

"బీరువాలో గాలెక్కడిదండీ?"

తిరుమలరావు గౌరి వైపు చూశాడు. గౌరి సముద్రం వైపు చూసింది. అప్పటికే మంచి అలలు వరసగా వస్తున్నాయి. మన్మథరావు మనసు అటు లాగింది. ఎవరు బిగించారు, ఎటు బిగించారు అని అడగకుండా పలకను చంకన పెట్టుకుని నీళ్లలోకి దిగాడు.

ఒడ్డున ముగ్గురూ వరసగా నిలబడ్డారు. తిరుమలరావు మనసులో నలభై మంది పేర్లు వరసగా తిరిగాయి. చెక్క రెక్క ఊడితే ఏం చెప్పాలి? అతను మునిగితే ఏం చెప్పాలి? మునక్కపోయినా పడితే, ఆ తప్పు రెక్కదేనని తెలిస్తే ఏం చెప్పాలి? మూడు ప్రశ్నలకు మూడు అబద్ధాలు వెతికాడు. ఒక్కటీ బీరువా అబద్ధంతో పొసగలేదు.

మొదటి అలకు మన్మథరావు పడ్డాడు.

"అయిపోనాది," అన్నాడు తిరుమలరావు.

"ఆయన ప్రతాదివారం పడతాడన్నారు కదేటి. ఇంకా ఏటీ అవనేదు," అంది గౌరి.

రెండో అలకు మన్మథరావు పలక మీద పాకాడు, మోకాళ్ల మీద లేచాడు, తరువాత పాదాల మీద లేచాడు. అక్కడ పడాలి. పడలేదు. ఎడమకు ఒరిగాడు. పలక జారిపోకుండా నీటిని కరిచి పట్టుకుని, వంపు తిరిగి, ఒడ్డు వెంబడి కోసుకుంటూ వచ్చింది. బొజ్జ ముందుకు పెట్టి, చేతులు చాపి, నోరు తెరిచి మన్మథరావు ఇసుక దాకా నిలబడే వచ్చాడు. ఇసుక తగిలాక కూడా దిగకుండా కాసేపు అలాగే ఉన్నాడు.

తరువాత దిగి పలకను తిరగేశాడు. రెక్కల మీద వేలు పెట్టి తడిమాడు.

"వీటిని ఎవరు బిగించారండీ?"

"నేనే బాబూ," అన్నాడు పోలారావు.

"ఉబ్బు బయటికి పెట్టావేం? నేనెప్పుడూ నున్నటి వైపే బయటికి పెడతాను. నీరు జారుతుందని."

"ఈ బాబూ అలగే అన్నాడు," అని పోలారావు తిరుమలరావును చూపించాడు.

రెండేళ్ల ఆదివారాలు, పడ్డ ప్రతి పాటూ మన్మథరావు మొహం మీద ఒక్కొక్కటే వచ్చి పోయాయి. అబద్ధానికి అదే ఆఖరి గడువని తిరుమలరావుకు తెలిసింది. శాంపిలు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి పనస చెక్క దాకా మొత్తం చెప్పేశాడు. బీరువా దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించాడు. గౌరి ఆ ముక్కను పెద్దగా పూర్తి చేసింది.

"అంటే ఇందులో ఒకటి పనస చెక్కా?" అన్నాడు మన్మథరావు.

"ఎడందండి. తప్పయిపోనాది."

"నేను తిరిగింది ఎడమకేనండీ. పోలారావూ, కుడిది కూడా చెక్కతో చేసిపెట్టు."

చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాక, చేతులు కూడా తుడుచుకోకుండా మన్మథరావు కాగితం మీద సంతకం పెట్టాడు. కాగితం మూలన పులుసు మరక పడింది. తిరుమలరావు ఆ మరకను తుడవనివ్వలేదు. సోమవారం పొద్దున్న షెడ్డు తలుపులు రోజూ తెరిచే వేళకే తెరిచారు. వరహాలు ఆ శాంపిలు పనిముట్టు ఏమైందని అడిగింది. సముద్రంలోకి వెళ్లిపోయిందంటే, గట్టిది కాదని తను ముందే చెప్పానంది.

నెల తరువాత మన్మథరావు ఖాళీ డబ్బాలు తిరిగి పంపాడు. వాటి మధ్య ఒక గుడ్డ సంచి, అందులో ఒక పక్క బల్లపరుపుగా, ఇంకో పక్క ఉబ్బెత్తుగా రెండు చిన్న రేకులు ఉన్నాయి. తిరుమలరావు ఈసారి వాటిని వేలితో కూడా తాకలేదు. నిజంగానే బీరువాలో, నగల పక్కన పెట్టి తాళం వేశాడు. మన్మథరావు కొత్త రెక్కలే అనుకుని, మర్నాడే మనిషికిచ్చి భద్రంగా విశాఖపట్నం పంపించాడు. అవి పప్పు పొట్టు గీసే కత్తుల శాంపిళ్లని, ఎవరో మిషన్ల వ్యాపారి దూర్చి పంపాడని తరువాత ఆ వ్యాపారి ఉత్తరం వస్తే తెలిసింది.

రేకులు చేరిన సాయంత్రమే మన్మథరావు ఫోను చేసి, వాటిలో ఏ వైపు బయటికుండాలో పోలారావును అడిగి చెప్పమన్నాడు.